రెండు అట్టలు, రెండు సర్వోలు: మడతల రోబో చేసే పద్ధతి

మిఠాయి కొట్టు బల్ల కింద పెట్టెలు పలకల్లా దొంతరగా పడి ఉంటాయి. అరకిలో కాజాలు అడగ్గానే కుర్రాడు ఒక పలక లాగి, నాలుగు వైపులా లేపి, చెవులు గాడుల్లోకి దూర్చి, పది సెకన్లలో పెట్టె చేతిలో పెడతాడు. ఇక్కడ చేయబోయేది అడ్డం వస్తే తప్పుకుని తిరిగే చిన్న రెండు చక్రాల రోబో, దాని ఒళ్లు అచ్చంగా ఆ పెట్టే. 3డీ ప్రింటర్ అక్కర్లేదు, రంపం అక్కర్లేదు, కటింగ్ మెషిన్ ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు. కాకపోతే మిఠాయి పెట్టె ఒక మిల్లీమీటరు వంకరపోయినా కాజాలకేమీ కాదు. రోబో పెట్టె అంత వంకరపోతే రెండు చక్రాలూ చెరో దిక్కు చూస్తాయి. అందుకని ఈ పనిలో సగానికి పైగా సమయం మడత గీత మీదే పెట్టాలి.

పల్చటి అట్ట బరువెలా మోస్తుందన్న అనుమానం చాలామందికి వస్తుంది. తాటాకును చూడండి. అంత పొడుగు ఆకు గాలికి వాలిపోకుండా నిలబడేది దాని మందం వల్ల కాదు, పుట్టుకతో వచ్చిన ముడతల వల్ల. లెక్కలో చెప్పాలంటే, 48 మి.మీ. వెడల్పు, 0.4 మి.మీ. మందం ఉన్న అట్ట పట్టీని 16 మి.మీ. భుజాలున్న ముక్కోణపు గొట్టంగా మడిస్తే, చదునుగా ఉన్నప్పటికంటే దాదాపు 1600 రెట్లు బిరుసెక్కుతుంది. అట్ట బరువు గ్రాము కూడా పెరగదు. అయితే ఈ బలమంతా ఆకారంలో ఉంది. గొట్టం గోడ ఒక్కచోట వేళ్ల మధ్య నలిగిందా, ఆ బలం ఒక్కసారిగా పోతుంది, మళ్లీ రాదు. మడిచిన భాగాన్ని ఎప్పుడూ అంచుల దగ్గరే పట్టుకోండి.

కావలసినవి

300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) అట్ట, ఏ4 సైజు, రెండు షీట్లు. మందపాటి శుభలేఖలకు వాడే అట్ట ఇదే. ప్రింటింగ్ ప్రెస్‌లో అడిగితే మిగిలిన ముక్కలు కూడా ఇస్తారు. మందం సుమారు 0.4 మి.మీ. ఒక్కో షీటు 19 గ్రాముల లోపే తూగుతుంది.
ఎఫ్ఎస్90ఆర్ రకం ఆగకుండా తిరిగే చిన్న సర్వోలు (సిగ్నల్ తీగతో నడిపే మోటార్లు) రెండు, ఒక్కోటి 9 గ్రాములు.
ఆర్డుయినో నానో (ప్రోగ్రాము ఎక్కించి వాడే చిన్న బోర్డు), దాని కేబుల్.
నాలుగు ఏఏఏ నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్ సెల్స్, నాలుగూ పక్కపక్కన పట్టే హోల్డరు, చిన్న స్విచ్.
470 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్ ఒకటి.
హెచ్‌సీ-ఎస్ఆర్04 శబ్దంతో దూరం కొలిచే సెన్సర్.
2 మి.మీ. బోల్టులు, నట్లు, వాషర్లు నాలుగేసి, బోల్టు పొడవు 8 మి.మీ.
మూడు పొరల కార్టన్ అట్ట ముక్క, పాత సైకిల్ ట్యూబు ముక్క, పంక్చర్లకు వాడే రబ్బరు సొల్యూషన్.
స్టీలు స్కేలు, స్నాప్ బ్లేడు కత్తి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్, వృత్తలేఖిని.

అట్ట ఖర్చు ఇరవై ముప్పై రూపాయలు దాటదు. డబ్బంతా సర్వోలకు, బోర్డుకు, సెల్స్‌కు పోతుంది. అందుకే ఒళ్లు పాడైతే బెంగ అక్కర్లేదు. వాటిని ఊడదీసి మరో అట్టలో పెట్టుకోవచ్చు. మొదటి పెట్టె సరిగా రాకపోతే దాన్ని అతుకులేసి నెట్టుకురావద్దు, రెండోది మడవండి.

గీత గీయడం

షీటును అడ్డంగా పెట్టండి, 297 మి.మీ. వైపు మీకు ఎదురుగా ఉండాలి. మనం గీసే ముఖమే రేపు పెట్టె బయటి ముఖం అవుతుంది. ఎందుకో మడత దగ్గర చెబుతాం. 270 మి.మీ. పొడవు, 152 మి.మీ. వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం గీసి, దాని ఎడమ కింది మూలను సున్నా అనుకోండి.

ఎడమ నుంచి కొలిచి 8, 43, 44, 80, 190, 226, 227, 262 మి.మీ. దగ్గర నిలువు గీతలు. కింద నుంచి 10, 46, 106, 142 మి.మీ. దగ్గర అడ్డ గీతలు. మధ్యలో 110 పొడవు, 60 వెడల్పుతో ఏర్పడిన గడి పెట్టె నేల. దానికి కింద 36 మి.మీ. ముందు గోడ, పైన 36 మి.మీ. వెనక గోడ, వాటి చివర 10 మి.మీ. అంచు పట్టీలు. ఎడమా కుడీ పక్క గోడలు. ఇవి రెండు పొరలు: బయటి పొర 36, లోపలి పొర 35, రెంటి మధ్య 1 మి.మీ. సన్నటి పట్టీ, లోపలి పొర చివర 8 మి.మీ. నాలుకలు.

ఆ 1 మి.మీ. పట్టీ చూసి, ఒక్క గీత చాలు కదా అనిపిస్తుంది. చాలదు. పక్క గోడ తనమీదికి తాను మడుచుకున్నప్పుడు రెండు పొరల మధ్యన మూల చెవి కూడా ఇరుక్కుంటుంది. ఆ 0.4 మి.మీ.కీ, అట్ట సొంత మందానికీ చోటు కావాలి. ఒకే గీత మీద మడిస్తే అట్ట పైఅంచు పగులుతుంది, లేదా గోడ లోపలికి వాలి సర్వో ఏటవాలుగా కూర్చుంటుంది. మడతల పనిలో కొత్తవాళ్ల ఆకారాలు కాగితం మీద సరిగా ఉండి, చేతిలో వంకరపోవడానికి మొదటి కారణం ఇలా మందాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే.

మూల చెవులు నాలుగు. ముందు, వెనక గోడల చివర్ల నుంచి 15 మి.మీ. బయటికి వస్తాయి, అంటే ఎడమ పక్క 65 నుంచి 80 దాకా, కుడి పక్క 190 నుంచి 205 దాకా. చెవికీ పక్క గోడకీ మధ్య గీత మడత కాదు, కోత. చెవి నాలుగు అంచుల్లో మడతది తప్ప మిగతా మూడూ ఒక మిల్లీమీటరు తగ్గించి కోయండి. లోపలి పొరను కూడా 60కి బదులు 58 మి.మీ. వెడల్పే ఉంచండి, పెట్టెలో ఒరుసుకోకుండా దిగుతుంది. అంచు పట్టీల చివర్లు 5 మి.మీ. ఏటవాలుగా తెగ్గోయండి.

నాలుకలు పక్కకు రెండేసి, ఒక్కోటి 14 మి.మీ. వెడల్పు: కింద నుంచి 52 – 66, 86 – 100. అవి దిగే గాడులు నేలలో మడత గీతకు 1 మి.మీ. లోపల, అంటే ఎడమ 81 దగ్గర, కుడి 189 దగ్గర, ఒక్కోటి 15 మి.మీ. పొడవు, మిల్లీమీటరు లోపు వెడల్పు.

సర్వో కిటికీలు 23 మి.మీ. పొడవు, 12.5 మి.మీ. ఎత్తు. ఎత్తు దిశలో బయటి పొరలో నేల మడత నుంచి 12 – 24.5 మి.మీ., లోపలి పొరలో అదే మడత నుంచి 48.5 – 61 మి.మీ. పొడవు దిశలో రెండింటికీ కింద నుంచి 64.5 – 87.5. కోసే ముందు మీ సర్వోను కొలవండి. ఒకే పేరుతో అమ్మే సర్వోలు అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటాయి. కిటికీని సర్వో కంటే రవ్వంత చిన్నగా కోసి, బిగుతుగా దూర్చడమే మేలు. వదులైన కిటికీని తర్వాత ఏ జిగురూ బాగుచేయదు.

సెన్సర్ కళ్లకు ముందు గోడ మీద రెండు రంధ్రాలు, వ్యాసం 16.5 మి.మీ., కేంద్రాల మధ్య 26 మి.మీ. ఎడమ నుంచి 122, 148 దగ్గర, కింద నుంచి 28 దగ్గర. రంధ్రాలన్నీ అట్ట చదునుగా ఉండగానే కోసేయాలి. మడిచాక కోయబోతే గోడ నలుగుతుంది.

మడత

కత్తితో సగం లోతు గాటు పెట్టి మడిచే అలవాటు చాలామందికి ఉంది. నిలకడగా ఉండే పెట్టెకు అది పరవాలేదు కానీ కుదుపులు తినే రోబోకు పనికిరాదు. గాటు దగ్గర పోగులు తెగిపోయి ఉంటాయి, వారంలో గోడ ఊడొస్తుంది. గీతను కోయకుండా నొక్కాలి. అట్ట కింద నాలుగైదు వార్తాపత్రిక పొరలు వేసి, స్కేలు ఆనించి, ఇంకు లేని బాల్‌పెన్‌తో రెండుసార్లు గట్టిగా గీయండి. పైన పల్లం, వెనక సన్నటి గట్టు పడతాయి.

ఇప్పుడు ఏ వైపుకు మడవాలి? పల్లంలోకి మడవాలని చేతికి అనిపిస్తుంది, అది తప్పు. గట్టు మడత లోపలికి, పల్లం బయటికి రావాలి. గట్టు దగ్గర పొరలు విడివడి లోపలికి ఉబ్బుతాయి, అందువల్ల బయటి ముఖం మీద లాగుడు తగ్గి పగలదు. ఈ పెట్టెలో మడతలన్నీ ఒకే వైపుకు తిరుగుతాయి కాబట్టే గీతలన్నీ బయటి ముఖం మీద గీశాం. నాలుకల మొదట్లో ఉన్న 8, 262 గీతలు మాత్రం ఎదురు తిరుగుతాయి, వాటిని షీటు తిప్పి వెనక నుంచి నొక్కాలి.

అట్టకు వాటం కూడా ఉంటుంది. చెక్కకు లాగానే కాగితంలో పోగులు ఒక దిశలో పడుకుని ఉంటాయి. షీటును పొడవు మీద ఒకసారి, వెడల్పు మీద ఒకసారి మెల్లగా వంచి చూడండి. ఏ వంపు తేలిగ్గా వస్తే ఆ మడత గీత పోగుల వాటంలో ఉన్నట్టు. పక్క గోడల పైఅంచు పూర్తిగా వెనక్కి తిరిగే మడత, అన్నింటికంటే కఠినమైనది, కాబట్టి పోగులు ఆ గీతకు సమాంతరంగా ఉండేట్టు షీటు ఎంచుకోండి. పెద్ద షీటు కొని మీరే కోసుకుంటే ఈ వీలు ఉంటుంది. రెడీమేడ్ ఏ4లో దొరికిందే వాటం.

ముందుగా ప్రతి మడతనూ ఒక్కటొక్కటిగా 90 డిగ్రీలు వంచి వదిలేయండి. తర్వాత క్రమం ఇది: ముందు, వెనక గోడలు లేపాలి, మూల చెవులు లోపలికి తిప్పాలి, పక్క గోడ లేపి చెవులకు ఆనించాలి, లోపలి పొరను చెవుల మీదుగా కిందికి తేవాలి, నాలుకలు గాడుల్లో దూర్చి, నేల కింద లోపలి దిశకు మడిచి టేపు వేయాలి. చివరికి అంచు పట్టీలు లోపలికి. నేల రెండు కర్ణాలూ కొలవండి, రెండూ 125.3 మి.మీ. దగ్గర రావాలి. తేడా ఒక మిల్లీమీటరు లోపైతే చేత్తో సర్దవచ్చు, అంతకు మించితే గీతలోనే తప్పుంది.

కిటికీల అంచులకు, బోల్టు రంధ్రాలకు ఒక్కో చుక్క ఫెవిక్విక్ పీల్చనివ్వండి. అట్ట ఆ మేరకు ప్లాస్టిక్‌లా గట్టిపడుతుంది. ఆవిరి కళ్లు మండిస్తుంది, కిటికీ దగ్గర చేయండి. మడత గీత మీద మాత్రం పడనివ్వొద్దు. గట్టిపడిన మడత పెళుసై విరుగుతుంది. ఫెవికాల్ వాడితే పల్చగా రాయండి, తడి ఎక్కువైతే అట్ట ఉబ్బి ఆరాక వంకరపోతుంది. వానాకాలం కోస్తా ఊళ్లలో అట్ట గాలిలోని తేమకే మెత్తబడుతుంది, అప్పుడు మడిచాక బయటి ముఖానికి ఒక పూత వార్నిష్ కొట్టడం మంచిది.

సర్వోలు, చక్రాలు, తోక

సర్వోను లోపలి నుంచి కిటికీలో దూర్చాలి. సర్వో రెండు కొసల్లో ఉన్న చెవులు లోపలి గోడకు ఆనుకుంటాయి, తిరిగే పళ్ల భాగం బయటికి వస్తుంది. సర్వో ఇరుసు సర్వో మధ్యలో ఉండదు, దాని ఒక కొసకు దగ్గరగా ఉంటుంది. రెండు సర్వోల్లోనూ ఆ కొస రోబో ముందు వైపే ఉండాలి. ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ పెడితే ఇరుసుల మధ్య సెంటీమీటరు పైన తేడా వచ్చి, రోబో ఎంత సర్దినా తిన్నగా నడవదు. సర్వోతో వచ్చే స్క్రూలు అట్టలో పట్టవు, వాషర్లు వేసి 2 మి.మీ. బోల్టులతో బిగించండి.

చక్రం వ్యాసం 70 మి.మీ. రెండో షీటు నుంచి నాలుగు బిళ్లలు, కార్టన్ అట్ట నుంచి రెండు. కార్టన్ బిళ్లను రెండు బిళ్లల మధ్య పెట్టి అతికించి, పుస్తకాల బరువు కింద ఆరనివ్వండి. వృత్తలేఖిని గుచ్చిన కేంద్రాన్ని పోగొట్టుకోవద్దు. మూడు బిళ్లలనూ అదే కేంద్రంలో గుండుసూది గుచ్చి పేర్చాలి. తర్వాత కేంద్రంలో 6 మి.మీ. రంధ్రం చేసి, సర్వోతో వచ్చిన తెల్ల రెక్కను లోపలి ముఖానికి రెండు చిన్న స్క్రూలతో బిగించండి. రెక్కను ఇరుసుకు పట్టించే నడిమి స్క్రూను ఆ రంధ్రంలోంచి బయటి వైపు నుంచి తిప్పుతాం. అంచు చుట్టూ 220 మి.మీ. పొడవు, 5 మి.మీ. వెడల్పు ట్యూబు పట్టీని రబ్బరు సొల్యూషన్‌తో అతికించండి. సొల్యూషన్ రెండు వైపులా రాసి, చేతికి అంటుకోనంత ఆరాకే కలపాలి. ట్యూబును లాగి అతికిస్తే చక్రం అంచు నలుగుతుంది, లాగకుండా పరచండి.

తోక మొదటి షీటులో మిగిలిన పట్టీతో వస్తుంది. 150 మి.మీ. పొడవు, 56 వెడల్పు ముక్కను పొడవునా 16, 32, 48 దగ్గర మడిచి, మిగిలిన 8 మి.మీ.ను లోపల అతికిస్తే ముక్కోణపు గొట్టం. చదును ముఖాన్ని నేల అడుగుకు 60 మి.మీ. మేర రెండు వైపుల టేపుతో అంటించండి, మొన కిందికి ఉండాలి, మిగతా 90 మి.మీ. వెనక్కి సాగాలి. చక్రాల మీద నేల సుమారు 17 మి.మీ. ఎత్తున ఉంటుంది, గొట్టం ఎత్తు 14. కాబట్టి రోబో కొద్దిగా వెనక్కి వాలి తోక కొస మీద ఆగుతుంది. నేలను తాకేచోట సెల్లోటేపు చుట్టండి, ఉత్త అట్ట గచ్చు మీద అరిగి పీచుపీచవుతుంది.

బ్యాటరీ హోల్డరు పెట్టెలో వెనక గోడకు ఆనించి పెట్టాలి. బరువు ఇరుసుకు వెనక పడితేనే తోక నేల మీద ఉంటుంది. నానోను హోల్డరు పైన స్పాంజి టేపుతో నిలపండి. మొత్తం కలిపి దాదాపు 120 గ్రాములు, అందులో సెల్స్ ఒక్కటే 50.

వైరింగు, ప్రోగ్రాము

సెల్స్ ప్లస్ స్విచ్ మీదుగా నానో 5వీ పిన్నుకు, రెండు సర్వోల ఎర్ర తీగలకు, సెన్సర్ వీసీసీకి. మైనస్ అన్నింటికీ ఉమ్మడి. కెపాసిటర్ ఈ ప్లస్ మైనస్‌ల మధ్య, సర్వో తీగలకు దగ్గరగా. చారల వైపు కాలు మైనస్‌కు, తిప్పి పెడితే పగులుతుంది. సర్వో సిగ్నల్ తీగలు నానో డీ9, డీ10 పిన్నులకు. సెన్సర్ ట్రిగ్ డీ6, ఎకో డీ7.

రీఛార్జబుల్ సెల్స్ నాలుగు కలిపి 4.8 వోల్టులు, నిండుగా ఉన్నప్పుడు అయిదున్నర దాకా. ఇది 5వీ పిన్నుకు సరిపోతుంది. వాటి బదులు నాలుగు కొత్త ఆల్కలైన్ సెల్స్ వేస్తే 6 వోల్టులు దాటుతుంది, నానో చిప్పు తట్టుకునే హద్దు 6. అలా పెట్టొద్దు. కెపాసిటర్ మానేయొద్దు. సర్వోలు రెండూ ఒకేసారి కదిలినప్పుడు వోల్టేజీ ఒక్క క్షణం పడిపోతుంది, బోర్డు రీసెట్ అవుతుంది, రోబో కదిలీ కదలకుండా ఎక్కిళ్లు పెడుతున్నట్టు ఆగుతుంది. ప్రోగ్రాములో తప్పు వెతుకుతూ కూర్చోకముందే ఇది చూడండి. ప్రోగ్రాము ఎక్కించేటప్పుడు స్విచ్ ఆపి, సర్వో తీగలు ఊడదీయండి.

ఈ సర్వోలకు కోణం తెలియదు, వేగమే తెలుసు. సిగ్నల్ తీగలో 1500 మైక్రోసెకన్ల పల్స్ (కరెంటు తట్టు) ఇస్తే ఆగాలి, దానికంటే ఎక్కువైతే ఒక వైపు, తక్కువైతే రెండో వైపు. మొదట రెంటికీ 1500 ఇచ్చి చక్రాలు గాల్లో ఉంచి చూడండి. మెల్లగా తిరుగుతుంటే సర్వో మీది చిన్న స్క్రూను ఆగేదాకా తిప్పండి. ఆ స్క్రూ లేని రకమైతే 1470 నుంచి 1530 దాకా వెతికి, ఆగే అంకెను ఒక్కో సర్వోకు విడిగా రాసుకోండి. సర్వోలు అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి ముందుకు పోవాలంటే ఒకదానికి 1700, రెండోదానికి 1300. ఒక పక్కకు లాగుతుంటే వేగంగా ఉన్నదాన్ని పది పది చొప్పున తగ్గించండి.

పూర్తి వేగంలో సర్వో నిమిషానికి సుమారు 110 చుట్లు, అంటే ఈ చక్రంతో సెకనుకు 40 సెంటీమీటర్ల దాకా. శబ్దం వెళ్లి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని సెన్సర్ మైక్రోసెకన్లలో ఇస్తుంది, దాన్ని 58తో భాగిస్తే దూరం సెంటీమీటర్లలో వస్తుంది. 20 సెం.మీ. లోపు ఏదైనా ఉంటే ఆగి, కాస్త వెనక్కి వెళ్లి, ఒక చక్రం ముందుకూ ఒకటి వెనక్కూ తిప్పాలి. పూర్తి వేగంలో పావు సెకనుకు దాదాపు 90 డిగ్రీలు తిరుగుతుంది. నేల నునుపును బట్టి ఇది మారుతుంది, మీ ఇంటి గచ్చు మీదే చూసి రాసుకోవాలి. పరుగులోంచి ఒక్కసారిగా వెనక్కి తిప్పితే మాత్రం తోక లేచి ముక్కు నేలకు కొడుతుంది. మధ్యలో 1500 దగ్గర ఐదో వంతు సెకను ఆపండి. కర్టెన్లు, పరుపులు శబ్దాన్ని మింగేస్తాయి, వాటిని ఈ సెన్సర్ సరిగా చూడలేదు.

కదిలే మడతలు

ఇప్పటిదాకా మడతలు ఒకసారి వంగి నిలిచిపోయేవి. కీలుగా పదేపదే వంగాలంటే ఉత్త అట్ట పనికిరాదు, పోగులు నలిగి తెగుతాయి. ఈ దారిలో బాగా పేరున్నది 2009లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేసిన డాష్ అనే ఆరుకాళ్ల రోబో. బరువు 16 గ్రాములు, పొడవు 10 సెం.మీ., సెకనుకు దాదాపు మీటరున్నర పరుగు. 28 మీటర్ల ఎత్తు నుంచి పడినా నడిచింది. దాని కాళ్లలో బేరింగులు, పిన్నులు లేవు. గట్టి అట్ట పలకల మధ్య పల్చటి ప్లాస్టిక్ ఫిల్మే కీలు. తేలిగ్గా ఉండి ఒళ్లంతా వంగగలగడమే దాన్ని కాపాడింది.

అలాంటి కీలు ప్రతి జిరాక్స్ షాపులో చేయించుకోవచ్చు. అట్టలో కీలు రావలసిన చోట 2 మి.మీ. వెడల్పున సందు కోయండి. సందును అంచుల దాకా కోయకుండా రెండు చివర్లా 3 మి.మీ. వంతెనలు వదలాలి, లేకపోతే ముక్కలు యంత్రంలో జరిగిపోతాయి. షీటును లామినేషన్ పౌచ్‌లో పెట్టి చేయించండి. సందులో పై ఫిల్మ్, కింది ఫిల్మ్ ఒకదానికొకటి అంటుకుంటాయి. చల్లారాక వంతెనలు కోసేయండి, అదే కీలు. 125 మైక్రాన్ల పౌచ్ అయితే రెండు పొరలూ కలిసి పావు మిల్లీమీటరు, చిన్న సర్వోకు బిరుసు. 80 మైక్రాన్ల పౌచ్ అడగండి. అదీ బిరుసనిపిస్తే కీలు పొడవులో మధ్య సగం కోసి తీసేసి, రెండు కొసలూ ఉంచండి. వంగడం సగం తేలికవుతుంది, కొసలు దూరంగా ఉండటం వల్ల కీలు మెలిపడదు. సందు మరీ వెడల్పు చేస్తే పలకలు పక్కకు జారతాయి, మరీ ఇరుకైతే అంచులు గుద్దుకుని ఫిల్మ్ ఊడుతుంది.

ఇదే పొరల పద్ధతిలో అట్టకు వేడికి ముడుచుకునే పాలీస్టైరీన్ షీటు జోడిస్తే మడత తనంతట తానే పడుతుంది. హార్వర్డ్, ఎంఐటీ పరిశోధకులు 2014లో సైన్స్ పత్రికలో చూపిన రోబో అలా సుమారు నాలుగు నిమిషాల్లో తనే మడుచుకుని నడిచి వెళ్లింది. గట్టి పొరలో సందు ఎంత వెడల్పుంటే మడత అంత కోణం. ఇంట్లో దాన్ని ప్రయత్నించేముందు లామినేషన్ కీలు మీద చేయి తిరగనివ్వండి.

మొదటి కీలుకు మంచి పని పెన్ను ఎత్తే చేయి. సెన్సర్ తీసేసి ముందు గోడ మీద దాన్ని పెట్టవచ్చు. 25 మి.మీ. వెడల్పు పట్టీలో వరసగా 20, 30, 20, 30 మి.మీ. పలకలు, చివర 12 మి.మీ. అతుకు చెవి, ప్రతి రెంటి మధ్యా 2 మి.మీ. సందు. లామినేట్ చేసి, చుట్టి, చెవిని మొదటి 20 పలకకు అంటించి ఆ పలకను గోడకు బిగించండి. ఎదుటి 20 పలకకు స్కెచ్ పెన్ను కట్టండి. ఎదురు భుజాలు ఎప్పుడూ సమాంతరంగానే ఉంటాయి కాబట్టి చేయి లేచినా పెన్ను నిటారుగానే ఉంటుంది. 10 డిగ్రీలు లేస్తే 5 మి.మీ. పైకి వస్తుంది, వెనక్కి జరిగేది అర మిల్లీమీటరే. ఎత్తడానికి చెప్పిన కోణంలో ఆగే మామూలు ఎస్‌జీ90 సర్వో రెక్కకు కట్టిన దారం చాలు, డీ11కు కలపండి. దించేటప్పుడు పెన్ను బరువుతో అదే దిగుతుంది, దిగకపోతే కీలు బిరుసుగా ఉన్నట్టు. పెన్ను దిగి ఉన్నప్పుడు దారం కాస్త వదులుగా ఉండాలి, లేకపోతే నేల ఎగుడుదిగుడుల్లో గీత తెగుతుంది. పెన్ను ఇరుసు మీద కాక ముందుంది కాబట్టి తిరిగేటప్పుడు వంపు గీత పడుతుంది. మూల దగ్గర ముందు పెన్ను ఎత్తి, తిరిగి, తర్వాత దించండి.